మిద్దె మీద గృహస్థాశ్రమం

ఆలయంలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న మోక్షం గురించి కాదు, జాతకం గురించి కూడా కాదు. "పంతులుగారూ, ఇంట్లో పూజ చేసిన పూలు ఏం చేయాలి?" అన్నదే. మీలో చాలామంది ఈ ప్రశ్న ఎవరో ఒకరిని అడిగే ఉంటారు. పూజ ముగిసిన మరునాడు దేవుని మందిరం శుభ్రం చేసి, వాడిన పూలు, మారేడు దళాలు, తులసి, తమలపాకులు ఒక ప్లాస్టిక్ కవరులో వేసి ముడివేస్తారు. చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు. వంటింటి గట్టు కింద అది వారం రోజులు అలాగే ఉంటుంది. ఆ పైన ఆలయ ప్రాంగణంలోని రావిచెట్టు కొమ్మకు వేలాడుతుంది. శుక్ర, శనివారాలు గడిచాక మా రావిచెట్టును చూస్తే ఆకులు ఎక్కువో, కవర్లు ఎక్కువో చెప్పడం కష్టంగా ఉండేది.

ఈ ప్రశ్నకు నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒకటే సమాధానం చెప్పాను. నిర్మాల్యాన్ని తొక్కరాదు, అపవిత్ర స్థలంలో పడవేయరాదు, పారే నీటిలో విడవండి అని. శాస్త్రసమ్మతమైన మాటే. అయితే ఒకనాటి ఉదయం ఒక కర్మ చేయించడానికి పాతబస్తీ వైపు వెళ్తుండగా మూసీ వంతెన మీద మా ఆటో నిలిచిపోయింది. మా ముందున్న స్కూటరు దిగి ఒకాయన చెప్పులు విడిచాడు. చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఏదో చదువుకున్నాడు. సంచీలోంచి ముడివేసిన కవరు తీసి వంతెన మీదుగా కిందికి విడిచాడు. అతడు మా ఆలయానికి వచ్చేవాడే. ఆ కవరు నేను చెప్పగా వచ్చినదే. కిందికి తొంగి చూశాను. నల్లని మురుగు మీద అలాంటి కవర్లు ఎన్నో ఒడ్డున పేరుకుని ఉన్నాయి. వాటి మధ్య పగిలిన పటమొకటి ఉన్నది. అందులో ఏ దేవుడున్నాడో చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

పెద్దలు పారే నీరు అన్నారు. ఆ రోజు నేను చూసినది పారుతున్న నీరు కాదు. దేశం మారి కాలం మారినప్పుడు విధి వెనుక ఉన్న భావాన్ని చూడాలని నా గురువులు చెప్పిన పాఠాన్ని, వంతెన మీద ఆటోలో కూర్చుని నేను మళ్ళీ నేర్చుకున్నాను. దేవునికి అర్పించినది అవమానం పొందకుండా ప్రకృతిలో కలిసిపోవాలన్నదే ఆ భావం. నీరు దొరకనప్పుడు భూమి ఉన్నది. కాని అపార్ట్‌మెంటులో భూమి ఎక్కడిది? ఇక్కడి నుంచే నేను చెప్పదలచిన సంగతి మొదలవుతుంది.

ఐదు హింసలు, ఐదు ఋణాలు

మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థుని ఇంట్లో ఐదు హింసాస్థానాలున్నాయని చెబుతుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు రోకళ్ళు, నీళ్ళకుండ. వీటిని వాడక తప్పదు. వాడితే ఏదో ఒక ప్రాణికి హాని జరగక తప్పదు. బ్రతకడమే ఒక ఋణం అన్నమాట. దాన్ని తీర్చుకోవడానికి గృహస్థుడు ప్రతిదినం ఐదు యజ్ఞాలు చేయాలి. వేదాధ్యయనం బ్రహ్మయజ్ఞం, దేవతలకు హోమం దేవయజ్ఞం, పితరులకు తర్పణం పితృయజ్ఞం, సకల ప్రాణులకు బలి సమర్పణ భూతయజ్ఞం, అతిథిపూజ మనుష్యయజ్ఞం. తైత్తిరీయారణ్యకంలోనూ ఈ ఐదింటి ప్రస్తావన ఉన్నది.

ఇప్పుడు మీ వంటిల్లు ఒక్కసారి చూడండి. తిరగలి పోయి మిక్సీ వచ్చింది. నీళ్ళకుండ పోయి ఫిల్టరు వచ్చింది. పొయ్యి రూపం మారింది. హింస మాత్రం ఐదుచోట్ల నుంచి యాభై చోట్లకు పెరిగింది. యజ్ఞాలో? బియ్యప్పిండి ముగ్గు పోయి రంగు స్టిక్కరు వచ్చింది, చీమకు గింజ లేదు. కాకికి పెడదామంటే వాలడానికి పెరటి గోడ లేదు. ఆవుకు పెట్టవలసిన అరటితొక్క కవరులో చిక్కుకుని ఆవు కడుపులోకే పోతున్నది. తీసుకునే దారులన్నీ తెరిచి ఉన్నాయి, తిరిగి ఇచ్చే దారులన్నీ మూసుకుపోయాయి. నగరంలో గృహస్థుని ఇబ్బంది భక్తి తక్కువై కాదు. తిరిగి ఇవ్వడానికి చారెడు నేల లేకపోవడం వల్ల వచ్చినది.

మంచిరోజు చూడమన్న పెద్దాయన

కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దాయన మా ఆలయానికి వచ్చాడు. తెనాలి దగ్గరి పల్లెటూరి రైతు. భార్య గతించాక కొడుకు తన ఫ్లాటుకు తీసుకువచ్చాడు. కొడుకు మంచివాడు, కోడలు ఇంకా మంచిది. వేళకు అన్నం, మందులు, విడిగా ఒక గది. ఆయన నా ఎదుట కూర్చుని, "పంతులుగారండీ, ఊరెళ్ళిపోదామనుకుంటున్నాను. మంచిరోజు చూడండి" అన్నాడు. ఊళ్ళో ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరు. ఇంటికి తాళం వేసి ఉన్నది, పడమటి వసారా కూలింది. మరి ఇక్కడ ఏం తక్కువైందని అడిగాను.

"తక్కువేం లేదండీ. నన్ను చుట్టంలాగా చూసుకుంటున్నారు. అదేనండీ ఇబ్బంది" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చి వెళ్ళిపోయేవాడు. కన్నతండ్రి సొంత కొడుకు ఇంట్లో అతిథి కారాదు. కాని చేతికి పని లేని ఇంట్లో ఎవరైనా అతిథే. పల్లెలో పెద్దవాళ్ళకు ఎంత వయసు వచ్చినా పాదుకు నీళ్ళు పోయడం, దూడను కట్టడం, ఎండబెట్టిన మిరపకాయలకు కాపలా కాయడం ఏదో ఒకటి ఉండేది. నగరంలో మనం వారికి విశ్రాంతి ఇచ్చామనుకుంటున్నాం. ఆ ఇంటిలో వారికున్న వంతును తీసివేశామని గుర్తించడం లేదు.

పంచాంగం తెరిచాను. ఆ పక్షంలో ఆయన నక్షత్రానికి తారాబలం కుదిరిన రోజులు రెండు కనిపించాయి. చెప్పలేదు. "అమావాస్య వెళ్ళనివ్వండి. ఈలోగా నాకొక సాయం చేసిపెట్టాలి" అన్నాను. రావిచెట్టుకు వేలాడుతున్న కవర్లు చూపించాను. వీటిని మట్టి చేయడం మీకు వచ్చునా అని అడిగాను. ఆయన నన్నొక పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. "మట్టి చేయడం మనమేంటండీ, అదే అవుతుంది. మనం అడ్డు రాకుండా ఉంటే చాలు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే వచ్చాడు.

అడ్డు రాకుండా ఉండే పద్ధతి

ఆయన చేసినది చెబుతాను. ఇది మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు. మూత ఉన్న పాత బకెట్టు ఒకటి తీసుకుని అడుగున, పక్కలా చిన్న రంధ్రాలు పెట్టాలి. అడుగున కొబ్బరి పీచు పరచాలి. పూజ చేసిన పూలు, పత్రి ఒక పిడికెడు వేస్తే ఎండుటాకులు రెండు పిడికెళ్ళు వేయాలి. అప్పుడప్పుడూ కొద్దిగా ఆవుపేడ నీళ్ళు గాని, పులిసిన మజ్జిగ గాని చిలకరించాలి. వారానికొకసారి కర్రతో కలియబెట్టాలి. దుర్వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, మరికొన్ని ఎండుటాకులు కలపాలి. ఎన్నాళ్ళకూ మారకుండా ఉంటే పొడిబారిందని అర్థం, నీళ్ళు చిలకరించాలి. సుమారు 3 నెలలకు లోపల ఏ పువ్వు ఏదో తెలియని నల్లని మట్టి తయారవుతుంది. దానికి తొలకరి వాసన ఉంటుంది.

వేయకూడనివి ముందే ఏరివేయాలి. అంగడి దండల దారం చాలావరకు నూలు కాదు, అది కుళ్ళదు. దండల్లో గుచ్చే మెరుపు కాగితాలు, అగరుబత్తి పుల్లలు, నూనె వత్తులు, ముద్దకర్పూరం తీసివేయాలి. కుంకుమ పేరుతో అమ్మే రంగుపొడి ఎక్కువగా పడిన పూలను కూడా పక్కకు పెట్టాలి. నిజమైన కుంకుమ పసుపుతో చేసినదే అయితే చింత లేదు. అది ఎక్కడ దొరుకుతుందని మాత్రం నన్ను అడగకండి.

ఇక్కడ ఆచారం తెలిసిన గృహిణులు ఒక మంచి సందేహం అడుగుతారు. నిర్మాల్యాన్ని కూరగాయ తొక్కులతో, ఎంగిలి మెతుకులతో కలపవచ్చునా అని. కలపరాదు. రెండు బకెట్లు పెట్టుకోండి. దేవుని పూలు ఒకదానిలో, వంటింటి తొక్కులు వేరొకదానిలో. మొదటి దాని ఎరువు తులసికి, పూలమొక్కలకు. రెండవది ఆకుకూరలకు, తీగలకు. ఎంగిలి దేనిలోనూ వద్దు, వండిన అన్నం కుళ్ళి పురుగులు పడతాయి. ఇలా చేస్తే నిన్న స్వామి పాదాల మీద ఉన్న నందివర్ధనం కొన్నాళ్ళకు మళ్ళీ నందివర్ధనమై అవే పాదాల దగ్గరకు వస్తుంది. నిర్మాల్యానికి ఇంతకన్న గౌరవప్రదమైన గతి ఏముంటుంది? తిరుమల తిరుపతి దేవస్థానం సైతం ఆలయాలలో వాడిన పూలతో అగరుబత్తీలు చేయించే పని 2021లో ప్రారంభించింది. పెద్ద ఆలయానికి తగిన దారి అది. మీ ఇంటికి ఒక బకెట్టు చాలు.

తులసమ్మకు పొగడ్తలు వద్దు

నేలలేని ఇంటికి మొదటి నేల తులసికోట. ఫ్లాటు కొన్నవారు గృహప్రవేశం నాడే తులసిని తెస్తారు, ఆషాఢం వచ్చేసరికి అది ఎండిపోతుంది. ఏదో దోషం జరిగిందని భయపడి నా దగ్గరకు వస్తారు. నేను దోషం వెతకను, కుండీ ఎక్కడ పెట్టారని అడుగుతాను. రోజుకు నాలుగైదు గంటలైనా ఎండ తగలని మూల తులసి బ్రతకదు. అడుగున రంధ్రం లేని ఇత్తడి కోటలో బ్రతకదు. భక్తికొద్దీ రోజూ పాలు పోసి, మొదట్లో పసుపు కుంకుమలు కుమ్మరించి, కాండానికి ఆనించి దీపం పెడితే బ్రతకదు. పసుపు కుంకుమలు కోటకు పెట్టండి. దీపం జానెడు దూరంలో పెట్టండి. వేలితో తాకి మట్టి పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి.

మరొక చిన్న రహస్యం. తులసికి కంకులు వచ్చి గింజ ముదిరితే మొక్క తన పని అయిపోయిందనుకుని వాడిపోతుంది. లేతగా ఉండగానే మంజరులు గిల్లితే గుబురుగా పెరుగుతుంది. విష్ణువుకు మంజరి అత్యంత ప్రీతికరమని మన పెద్దలు ఊరికే అనలేదేమో! ద్వాదశినాడు, సూర్యాస్తమయం తరువాత మాత్రం కోయకండి.

ఈ మధ్య తులసి రాత్రివేళ కూడా ప్రాణవాయువును ఇస్తుందని ప్రచారం చేసేవారు ఎక్కువయ్యారు. ఏ చెట్టయినా సూర్యకాంతి ఉన్నంతసేపే ఆ పని చేస్తుంది. భక్తి పేరుతో అబద్ధం చెబితే రేపు చదువుకున్న మీ మనుమడు అది తప్పని తెలుసుకుంటాడు. ఆ తప్పుతో పాటు తులసిని కూడా వదిలేస్తాడు. తులసమ్మకు ఆ పొగడ్త అక్కరలేదు.

నాలుగో అంతస్తు మీద పందిరి

అమావాస్య వెళ్ళింది. పెద్దాయన ఊరి మాట ఎత్తలేదు. ఆలయం వెనుక తయారైన ఎరువును ఒక గోనెసంచిలో పట్టుకుపోతానని అడిగాడు. ఆయన ఉండేది నాలుగో అంతస్తు, దాని పైన మిద్దె. అక్కడ మొదట ఒక టబ్బులో తోటకూర చల్లాడు. నెల తిరిగేసరికి కోతకు వచ్చింది. కోడలు పప్పులో వేసింది. ఆ రోజు మనుమరాలు మొదటిసారి ఆకుకూర అన్నం మారాం చేయకుండా తిన్నదట. ఇందులో మాయ ఏమీ లేదు, తాను నీళ్ళు పోసినది కనుక తిన్నది.

నగరంలో ఇది కొత్త సంగతి కాదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నారపల్లిలో తమ ఇంటి మీద కూరగాయలు పండించి, దాని గురించి విస్తృతంగా రాసి, 'మిద్దెతోట' అన్న మాటను ఎందరి నోటనో పలికించారు. మా పెద్దాయన అవేవీ చదవలేదు. ఆయన కార్తెలను నమ్ముకున్నవాడు. మృగశిరలో సొర, బీర, కాకర గింజలు పెట్టాడు. కొబ్బరిపొట్టు, ఎర్రమట్టి, ఎరువు కలిపి టబ్బులు నింపాడు. మీరు మట్టి ఒక్కటే నింపకండి. తడిసిన మట్టితో 20 లీటర్ల బకెట్టు 30 కిలోలకు తక్కువ తూగదు. కొబ్బరిపొట్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది.

తీగలు పాకాయి, పూలు పూశాయి. పిందె మాత్రం నిలవలేదు. నాలుగు అంతస్తుల ఎత్తున తేనెటీగలు తక్కువ. అప్పుడు ఆయన మనుమరాలికి ఒక విద్య నేర్పాడు. సొర, బీర సాయంత్రం పూస్తాయి. పువ్వు వెనుక వేలెడంత పిందె ఉంటే అది ఆడపువ్వు. సన్నని కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. మగపువ్వును కోసి దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ సున్నితంగా అద్దాలి. ఆ పిల్ల రోజూ బడి నుంచి వచ్చి మిద్దె ఎక్కి ఈ పెళ్ళిళ్ళు చేసేది. ఒకనాడు ఆలయానికి వచ్చి, "పంతులుగారూ, నేను ఇవాళ నాలుగు పెళ్ళిళ్ళు చేశాను, మీరెన్ని చేశారు?" అని అడిగింది. శూన్యమాసం కావడం వల్ల నా దగ్గర జవాబు లేదు.

మందారానికి పిండినల్లి పట్టినప్పుడు కొడుకు అంగడి నుంచి పురుగుమందు తెచ్చాడు. పెద్దాయన ముట్టనివ్వలేదు. స్వామికి పెట్టే పువ్వు, పిల్ల తినే కూర ఒకేచోట ఉన్నాయన్నాడు. లీటరు నీటికి ఒక చెంచాడు వేపనూనె, అది కలవడానికి కాస్త కుంకుడు రసం కలిపి చల్లాడు. రెండుమూడు విడతలు చల్లగా తగ్గింది. టమాటాలు మాత్రం ఉడుతలు తిన్నాయి. వల కట్టుకోమని సలహా ఇచ్చాను. సగానికి కట్టాడు. మిగిలిన సగం వదిలేశాడు, వాటి వాటా అన్నాడు. భూతయజ్ఞం గురించి నేను ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాను. వినడానికి ఆయన ఎన్నడూ రాలేదు.

మీకు లేనిపోని ఆశలు కల్పించడం నాకు ఇష్టం లేదు. దీనివల్ల డబ్బు మిగలదు. టబ్బులు, మట్టి, పందిరి కర్రల ఖర్చు లెక్కిస్తే రైతుబజారులో కొనుక్కోవడమే చౌక. రోహిణి కార్తెలో నీడవల కట్టకపోతే సగం మొక్కలు మాడిపోతాయి. నలుగురున్న ఇంటికి కూరగాయలన్నీ మిద్దె మీద పండవు. కరివేపాకు, పుదీనా, ఆకుకూరలు, దేవుని పూలు మాత్రం పండుతాయి. వినాయకచవితికి కావలసిన 21 పత్రులలో తులసి, గరిక, మరువం, మాచీపత్రం, విష్ణుక్రాంతం, జాజి, దానిమ్మ, గన్నేరు కుండీలలో పెంచుకోవచ్చు. ఉత్తరేణి పిలవకపోయినా మొలుస్తుంది. మద్ది, రావి, దేవదారు కుదరవు. రావి మొలక గోడ పగులులో కనిపిస్తే కొందరు పీకడానికి భయపడి వదిలేస్తారు, అది ఇంటినే చీలుస్తుంది. చిన్నగా ఉండగానే నమస్కరించి, వేళ్ళతో సహా తీసి, ఆలయంలోనో చెరువుగట్టునో నాటండి. దోషం లేదు.

అనంతాళ్వారు గునపం

ఈ కుటుంబాన్ని చూసినప్పుడల్లా నాకు తిరుమలలోని అనంతాళ్వారు గుర్తుకు వస్తారు. రామానుజాచార్యులు తమ శిష్యులలో తిరుమల కొండ మీద ఉండి స్వామికి పుష్పకైంకర్యం ఎవరు చేస్తారని అడిగితే, ఆ చలికి, అడవికి వెరవకుండా లేచినవాడు ఆయన. భార్యతో కొండ ఎక్కాడు. తోటకు నీరు కావాలని చెరువు తవ్వసాగాడు. ఆయన తవ్వుతుంటే నిండు చూలాలైన ఇల్లాలు మట్టి తట్టలు మోసేది. ఒక బాలుడు వచ్చి సాయం చేస్తానన్నాడు. ఈ సేవాఫలాన్ని ఎవరికీ పంచనని ఆళ్వారు గద్దించాడు. బాలుడు చాటుగా ఆమె చేతి తట్టలు అందుకుని మోయసాగాడు. తెలిసిన ఆళ్వారు కోపంతో గునపం విసిరితే అది బాలుని గడ్డానికి తగిలింది. ఆలయానికి వెళ్ళి చూస్తే మూలమూర్తి గడ్డం నుంచి నెత్తురు కారుతున్నది. ఆ గాయానికి పెట్టిన పచ్చకర్పూరమే నేటికీ స్వామి చుబుకం మీద మనం దర్శించుకుంటున్నది. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతుండగా మీరు చూసే ఉంటారు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు జరిగే బాగ్ సవారిలో స్వామి ఆయన తోటకు వేంచేస్తారు.

ఈ కథను భక్తికి నిదర్శనంగా అందరూ చెబుతారు. నాకు మాత్రం అందులో ఇల్లాలి మీద దృష్టి నిలుస్తుంది. ఆళ్వారుకు కనబడినది సేవ, స్వామికి కనబడినది ఆ తల్లి బరువు. సేవాఫలం పంచనన్న భర్త ఆమె తట్టను పంచుకోలేదు. తోట వేసే ప్రతి ఇంటికీ ఈ ప్రమాదం ఉన్నది. ఉత్సాహం ఒకరిది, నీళ్ళు మోసేది వేరొకరు. పెద్దాయన ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి పది రోజులు రాకపోతే కోడలు ఉద్యోగానికి వెళ్ళేముందు ఇరవై బిందెలు మెట్ల మీదుగా మోసింది. ఆయన వచ్చాక ఆ సంగతి నేను చెప్పవలసి వచ్చింది. ఆ వారంలోనే కొడుకు మిద్దె మీదికి గొట్టం వేయించాడు. ఆదివారం కుండీల పని అతడిదేనని తీర్మానం జరిగింది. ఇష్టంగా చేశాడని చెప్పను. కాని తండ్రీకొడుకులు ఒకే పని మీద వంగి అరగంట గడపడం ఆ ఇంట్లో చాలా ఏళ్ళ తరువాత జరిగింది.

సెల్లారులో పంచాయితీ

మొక్కలు నలభై టబ్బులకు చేరాక వానాకాలంలో గొడవ వచ్చింది. ఎండుటాకులు మిద్దె మీది నీటి గొట్టానికి అడ్డుపడ్డాయి. నీరు నిలిచి కింది ఫ్లాటు పైకప్పు చెమ్మగిల్లింది. ఆ ఇంటివారు సంఘానికి ఫిర్యాదు చేశారు. టబ్బులన్నీ మూడు రోజుల్లో తీసివేయాలని నోటీసు అంటించారు. పెద్దాయన మళ్ళీ నా దగ్గరకు వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "మంచిరోజు చూడండి పంతులుగారూ" అన్నాడు.

సెల్లారులో జరిగిన సమావేశానికి నేనూ వెళ్ళాను. పూజారి వచ్చాడు కనుక తులసిని అడ్డం పెట్టి మాట్లాడతాడని అందరూ అనుకుని ఉంటారు. నేను కింది ఇంటివారి పక్షమే మాట్లాడాను. వారి పైకప్పు తడవడం నిజం. పక్కవాడి ఇంటిని కూల్చి చేసే దేవపూజను ఏ దేవుడూ స్వీకరించడు. మిద్దె అందరిదీ. అడగకుండా నలభై టబ్బులు పెట్టడం పెద్దాయన తప్పు, ఆయన ఎదుటే ఆ మాట అన్నాను. ఆయన తల దించుకున్నాడు. కొడుకు లేచాడు. తండ్రిని మందలించడానికే లేచాడనుకున్నాను. "చెమ్మ రాకుండా మిద్దెకు పూత వేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇంజనీరును తెస్తాను. ఎక్కడ పెట్టమంటే అక్కడే పెడతాం. తీసేయమని మాత్రం అనకండి" అన్నాడు. ఆ తండ్రి కొడుకు ముఖం వంక చూసిన చూపు నేను మరచిపోలేను.

టబ్బులు 24కు తగ్గాయి. పైకప్పు నడుమ కాక దూలాల మీదుగా, గోడల వెంబడి, ఇటుకల మీద ఎత్తుగా పెట్టారు. నీటి గొట్టానికి జల్లెడ బిగించి, దాని చుట్టూ నాలుగడుగులు ఖాళీ వదిలారు. మీరు మిద్దెతోట వేయదలిస్తే మొదట చేయవలసినవి ఇవే, విత్తనాలు తరువాత. కింది ఇంటివారు నేటికీ పెద్దాయనతో ముభావంగానే ఉంటారు. కరివేపాకు మాత్రం తీసుకుంటారు.

ఆ సంవత్సరమే ఆయన భార్య ఆబ్దికం వచ్చింది. నేనే చేయించాను. కాకరకాయ, పొట్లకాయ మిద్దె మీదివే. అంతకు ముందు సంవత్సరం అదే ఇంట్లో అదే కర్మకు అంగడి కూరలు వచ్చాయి, ఆయన గోడకు ఆనుకుని కూర్చుని అంతా ముగిసేదాకా మౌనంగా ఉన్నాడు. ఈసారి పొద్దున్నే తానే కోసి తెచ్చి వంటింట్లో పెట్టాడు. "ఆవిడకు కాకరంటే ప్రాణమండీ. నేను పండించినదైతేనే వండేది" అన్నాడు. పిండప్రదానం అయ్యాక వాయసపిండం పళ్ళెంలో పెట్టుకుని మిద్దెకు వెళ్ళాం. ఫ్లాట్లలో కాకి కోసం గంటల తరబడి నిలబడిన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. అక్కడ పక్షుల కోసం పెద్దాయన నీళ్ళు పోసి ఉంచే మట్టిమూకుడు ఉన్నది. మేము పళ్ళెం పెట్టి వెనక్కి తిరగకముందే పిట్టగోడ మీద కాకి వాలింది. రోజూ వచ్చేదే కావచ్చు. ఆయన మాత్రం కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు మా రావిచెట్టుకు కవర్లు వేలాడడం లేదు. ఆలయం వెనుక మూడు పెద్ద డ్రమ్ములున్నాయి. వచ్చినవారు తమ పూలను దారం తీసి, వాటిలో వేసి వెళుతున్నారు. తీయని వారిని పెద్దాయన పిలిచి మరీ తీయిస్తాడు. కొందరికి కోపం వస్తున్నది కూడా.

ఈ ఏడాది మాఘంలో ఆయన మళ్ళీ వచ్చి ఊరికి వెళ్ళడానికి మంచిరోజు చూడమన్నాడు. పంచాంగం తెరిచాను. సొరపాదు ఎలా ఉన్నదని అడిగాను. నిన్ననే ఐదు పిందెలు నిలిచాయన్నాడు. అవి దిగాక చూద్దామన్నాను. సరేనని చెప్పి డ్రమ్ములు కలియబెట్టడానికి వెనక్కి వెళ్ళాడు.